విదేశీ పోస్టల్ కోడ్‌లు మన ఆరంకెల గడిలో ఎందుకు ఇమడవు?

ప్రశ్న: మంగళగిరిమగ్గం

చేనేత చీరలు అమ్మే ఒక చిన్న వెబ్‌సైటుకు అడ్రస్ ఫారం సరిచేస్తున్నాం. ఇన్నాళ్ళూ ఆర్డర్లన్నీ మన దేశంలోవే కాబట్టి పిన్ గడిని ఆరు అంకెలకు బిగించేశాం. ఇప్పుడు అమెరికా, కెనడా, యూకే, ఐర్లాండ్, సింగపూర్, దుబాయ్, రియాద్, దోహాల నుంచి మనవాళ్ళు అడుగుతున్నారు.

న్యూజెర్సీ కోడ్‌లు ఎక్సెల్‌లోకి వచ్చేసరికి నాలుగంకెలే మిగులుతున్నాయి. యూకే, కెనడా కోడ్‌లలో అక్షరాలుండటంతో ఫారం వాటిని తీసుకోవటం లేదు. దుబాయ్ వాళ్ళు అసలు కోడే లేదంటున్నారు, కొందరు ఐదు సున్నాలు కొట్టేస్తున్నారు. గడిని ఎలా మార్చాలి? కోడ్ సరైనదో కాదో ఎలా సరిచూడాలి? లేబుల్ మీద కోడ్ ఏ వరసలో రావాలి? ఒక్కో దేశంలో ఒక్కోలా ఎందుకు పెట్టుకున్నారో కూడా తెలిస్తే, తప్పు ఎక్కడ దొర్లుతుందో ముందే పట్టుకోవచ్చు.

జవాబు 1: సార్టింగుబల్ల

పోస్టల్ కోడ్ అంటే ఊరికి పెట్టిన నంబరు అనుకుంటాం. నిజానికి ఉత్తరాన్ని ఏ అరలో వెయ్యాలో సార్టింగ్ దగ్గర చెప్పే సూచన అది. తపాలా శాఖ తన అరలను ఎలా కట్టుకుంటే కోడ్ రూపం అలా ఉంటుంది.

మన పిన్‌తోనే మొదలుపెడదాం. శ్రీరామ్ భికాజీ వేలంకర్ రూపొందించిన ఈ పద్ధతి 1972 ఆగస్టు 15న అమల్లోకి వచ్చింది. ఒకే పేరున్న ఊళ్ళు, తలో భాషలో, తలో లిపిలో రాసే అడ్రసులు, తప్పు స్పెల్లింగులు: ఈ చిక్కుకు అంకెలే విరుగుడు. 533464 తీసుకోండి. మొదటి 5 జోన్‌ను చెబుతుంది, అందులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక ఉన్నాయి. మొదటి మూడంకెలు 533 కలిపితే తూర్పు గోదావరి వైపు సార్టింగ్ జిల్లా. చివరి 464 బట్వాడా చేసే పోస్టాఫీసు, అంటే యానాం. యానాం పుదుచ్చేరి పాలనలో ఉంది, పుదుచ్చేరి పట్టణం పిన్‌లేమో 605తో మొదలవుతాయి. అయినా యానాం ఉత్తరం గోదావరి జిల్లా మీదుగానే చేరాలి కనుక దానికి 533 ఇచ్చారు. మొదటి రెండంకెలు చూసి రాష్ట్రం పేరు తనంతట తానే నింపే ఫారం ఇక్కడ తప్పు రాస్తుంది.

జిల్లాల పేర్లు మారినా పిన్ కదలకపోవటానికీ ఇదే కారణం. తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి, 2022లో ఆంధ్రలో 13 జిల్లాలు 26 అయ్యాయి. అరలు పాతవే కాబట్టి పిన్ కూడా పాతదే. పిన్‌ను బట్టి జిల్లా నింపే పాత పట్టికలు వాడితే లేబుల్ మీద పాత జిల్లా పేరు పడుతుంది. బట్వాడాకు అడ్డం కాదు గానీ, అడ్రస్ రుజువుతో పోల్చేచోట మాత్రం పేచీ వస్తుంది.

పిన్ పోస్టాఫీసు దగ్గర ఆగిపోతుంది. ఒక సబ్ పోస్టాఫీసు కింద ఉండే బ్రాంచి పోస్టాఫీసులకు, వాటి కింది పల్లెలకు తరచు ఒకే పిన్ ఉంటుంది. అక్కడి నుంచి గడప దాకా నడిపించేది ఇంటి నంబరు, మనిషి పేరు, ‘రామాలయం వెనక’ అన్న మాట, పోస్టుమ్యాన్ ఎరుక.

యూకే పద్ధతి దీనికి తలకిందులు. 1959లో నార్విచ్‌లో ప్రయోగం చేసి, 1974 నాటికి దేశమంతా పరిచారు. కోడ్ రెండు ముక్కలుగా ఉంటుంది. మొదటి ముక్క ఉత్తరాన్ని ఊరికి చేరుస్తుంది, రెండో ముక్క ఊళ్ళో వీధి దాకా తీసుకెళుతుంది. బకింగ్‌హామ్ ప్యాలెస్ కోడ్ ఎస్‌డబ్ల్యూ1ఏ 1ఏఏ. ఖాళీకి ముందుది మొదటి ముక్క, అందులో రెండు నుంచి నాలుగు గుర్తులుంటాయి. రెండో ముక్క ఎప్పుడూ ఒక అంకె, రెండు అక్షరాలు. కాబట్టి మొత్తం 5 నుంచి 7 గుర్తులు. ఖాళీ వదలకుండా కలిపి రాసినా చివరి మూడూ విడదీస్తే ముక్కలు దొరుకుతాయి. ఒక కోడ్ కింద సగటున 15 అడ్రసులే ఉంటాయి. అందుకే అక్కడ ఇంటి నంబరు, కోడ్ చెబితే చాలంటారు. అదే మాట కూకట్‌పల్లి పిన్‌కు చెల్లదు.

కెనడాలో అక్షరం, అంకె, అక్షరం, ఒక ఖాళీ, మళ్ళీ అంకె, అక్షరం, అంకె. టొరంటోలోని సీఎన్ టవర్‌ది ఎం5వి 3ఎల్9. మొదటి ఎం టొరంటోను చెబుతుంది. రెండో స్థానంలో సున్నా ఉంటే అది గ్రామీణ ప్రాంతం. డి, ఎఫ్, ఐ, ఓ, క్యూ, యూ అక్షరాలు ఈ కోడ్‌లలో ఎక్కడా రావు. డబ్ల్యూ, జెడ్ మొదటి స్థానంలో రావు. యంత్రం చదివేటప్పుడు ఓ, సున్నాలాంటివి కలగాపులగం కాకుండా తీసేశారు. కస్టమర్ ఓ అని కొట్టినచోట అది సున్నాయే అయివుంటుంది. అక్షరం రావలసిన చోట ఓ కనిపిస్తే మాత్రం కోడే తప్పు, అడిగి తెలుసుకోండి.

అమెరికా జిప్ 1963 జులై 1న మొదలైంది. మొదటి అంకె ఈశాన్యంలో 0, పడమటి తీరంలో 9. మొదటి మూడంకెలు పెద్ద సార్టింగ్ కేంద్రాన్ని చెబుతాయి. న్యూజెర్సీ, మసాచుసెట్స్ సున్నాలో పడ్డాయి. ఎడిసన్ 08817. మీ ఎక్సెల్‌లో పోయింది ఆ సున్నాయే.

సింగపూర్‌ది మనలాగే ఆరంకెలు, కానీ 1995 నుంచి ఒక్కో భవనానికి ఒక్కో కోడ్. ప్రభుత్వ గృహ సముదాయాల్లో చివరి మూడంకెలు సాధారణంగా బ్లాకు నంబరే. బ్లాకు 123 అని రాసి కోడ్ 321తో ముగిస్తే ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి. భవనం దొరికినా ఫ్లాటు దొరకాలంటే హ్యాష్ గుర్తుతో మొదలయ్యే అంతస్తు, యూనిట్ నంబరు కావాలి. కొన్ని ఫారాలు ప్రత్యేక గుర్తులన్నిటినీ తుడిచేస్తాయి, అప్పుడు ఆ హ్యాష్ పోతుంది. అడ్రస్ లైనులో హ్యాష్, స్లాష్, హైఫన్ ఉండనివ్వండి. మన డోర్ నంబర్లకూ ఆ స్లాష్, హైఫన్ కావాలి కదా.

జవాబు 2: ఫారంలెక్క

పైన చెప్పినవన్నీ గడిలోకి ఎలా దించాలో చూద్దాం.

దేశం పేరు ముందు అడగండి, కోడ్ తర్వాత. అంకెలు మాత్రమే చూసి దేశం చెప్పలేం. 10115 బెర్లిన్‌లోనూ ఉంది, న్యూయార్క్‌లోనూ ఉంది. 110తో మొదలయ్యే ఆరంకెలు మనకు ఢిల్లీ, చైనాలో షెన్‌యాంగ్. దేశం తప్పైతే కోడ్ ఎంత సరిగ్గా ఉన్నా పార్శిల్ వేరే ఖండానికి పోతుంది.

డేటాబేసులో ఆ గడి టెక్స్ట్ అయి ఉండాలి, నంబరు కాకూడదు. కోడ్‌తో కూడికలూ తీసివేతలూ ఉండవు, దాన్ని సంఖ్యగా దాచే అవసరమే లేదు. పొడవు 12 పెట్టండి. ఇరాన్‌ది 10 అంకెలు, అమెరికా తొమ్మిదంకెల జిప్ హైఫన్‌తో కలిపి 10 గుర్తులు, బ్రెజిల్ 8 అంకెలు ఒక హైఫన్. ఖాళీగా వదిలేందుకు కూడా అనుమతి ఉండాలి, ఎందుకంటే హాంకాంగ్, యూఏఈ, ఖతర్‌లకు కోడ్ లేదు.

వెబ్ పేజీలో ఆ గడి రకం ‘నంబరు’ అని పెట్టారేమో చూడండి, చాలాసార్లు గొడవ అక్కడే ఉంటుంది. మొదటి సున్నా పోవటమే కాదు, ఫోన్‌లో అంకెల కీబోర్డు మాత్రమే తెరుచుకుంటుంది. లండన్ కస్టమర్‌కు అక్షరాలు కొట్టే దారే ఉండదు, ఆర్డర్ వదిలేసి పోతారు. దేశం భారత్ అయితేనే అంకెల కీబోర్డు చూపించండి.

సరిచూడటం గురించి నా మాట: ఆపవద్దు, హెచ్చరించండి. ‘కెనడా కోడ్ సాధారణంగా ఇలా ఉంటుంది, మరోసారి చూస్తారా?’ అని అడిగి, కస్టమర్ అవునంటే తీసుకోండి. కొత్త కోడ్‌లు ఎప్పటికప్పుడు పుడుతుంటాయి, మీ జాబితా ఏదో ఒకరోజు పాతబడుతుంది. మన పిన్‌కు మాత్రం ఆరంకెలు, మొదటిది సున్నా కాదు అన్న నియమం గట్టిగానే పెట్టవచ్చు. ‘522 503’ అని మధ్యలో ఖాళీ వదిలి రాసినా తీసుకోండి. పోల్చేటప్పుడు ఖాళీలు తీసి, అక్షరాలన్నీ పెద్దవిగా మార్చి పోల్చాలి. ముద్రించేటప్పుడు ఆ దేశపు పద్ధతిలో ఖాళీ తిరిగి పెట్టాలి.

ఇక ఎక్సెల్. సీఎస్‌వీ ఫైలును, అంటే కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్ ఫైలును, డబుల్ క్లిక్‌తో తెరిస్తే 08817 అక్కడికక్కడే 8817 అవుతుంది. చూసి వదిలేస్తే ఫరవాలేదు, ‘సేవ్’ నొక్కారంటే అసలు ఫైలులోంచి కూడా సున్నా పోతుంది. అలా కాక ముందు ఖాళీ షీటు తెరిచి, ‘డేటా’ మెనూలోంచి ఆ ఫైలును దిగుమతి చేసి, కోడ్ ఉన్న కాలమ్‌ను ‘టెక్స్ట్’గా ఎంచుకోండి. ఇప్పటికే పోయిన సున్నాలను తిరిగి తేవాలంటే దేశం అమెరికా అని ఉన్న వరసలకు మాత్రమే ఐదంకెల ఫార్మాట్ పెట్టండి. షీటు మొత్తానికి పెడితే ఆస్ట్రేలియా పాడవుతుంది. అక్కడ కోడ్ నాలుగంకెలే, సిడ్నీ 2000, దాన్ని 02000 చేసేస్తుంది. ఆస్ట్రేలియాలోనూ డార్విన్ 0800. సున్నా పోతే మూడంకెలు మిగులుతాయి, దానికి నాలుగంకెల ఫార్మాట్ విడిగా పెట్టాలి. జర్మనీలో తూర్పు వైపు కోడ్‌లు కూడా సున్నాతో మొదలవుతాయి, డ్రెస్డెన్ 01067.

డబ్బు కట్టేచోట కూడా ఇదే దెబ్బ. అమెరికా, కెనడా, యూకే బ్యాంకులు కార్డు అడ్రస్‌లోని అంకెలను, పోస్టల్ కోడ్‌ను తమ దగ్గరున్న వాటితో పోల్చే ఏవీఎస్ పద్ధతి వాడతాయి. 08817 బదులు 8817 వెళితే పొంతన కుదరదు. అలాగే చీర అందుకునేవాళ్ళ కోడ్, కార్డు బిల్లు వెళ్ళే కోడ్ వేరువేరు గడుల్లో ఉండాలి. డాలస్‌లో ఉన్న కూతురు చెల్లించి గుంటూరులో అమ్మకు పంపిస్తే ఒకటి 75తో మొదలవుతుంది, రెండోది 522తో.

రాష్ట్రాల జాబితా గురించి ఒక హెచ్చరిక. అమెరికా అడ్రసుల కోసం చేసిన రెడీమేడ్ జాబితాలో ఏపీ అన్న రెండక్షరాలకు అర్థం ఆంధ్రప్రదేశ్ కాదు, పసిఫిక్ వైపు సైనిక తపాలా. దేశం మార్చగానే రాష్ట్రాల జాబితా కూడా మారేలా చూడండి. మన రాష్ట్రాల పేర్లు పూర్తిగా రాయటం మేలు.

జవాబు 3: గల్ఫ్‌చిరునామా

గల్ఫ్ దేశాలన్నిటినీ ‘కోడ్ లేదు’ అని ఒకే గాట కట్టకండి. ఆరింటికీ ఆరు పద్ధతులు.

యూఏఈలో ఉత్తరాలు ఏళ్ళ తరబడి పీవో బాక్సులకే చేరుతూ వచ్చాయి, కాబట్టి ఇంటి కోడ్ అవసరం పడలేదు. ఐదు సున్నాలు కస్టమర్లు ఫారం దాటటానికి కొట్టే అంకెలు మాత్రమే. మీరు గడి ఖాళీగా వదలనిస్తే అవి రావు. వచ్చినా లేబుల్ మీద ముద్రించకండి, పీవో బాక్సు నంబరుతో కలిసిపోయి గందరగోళం అవుతుంది. చీర కొరియర్‌లో వెళుతుంటే కావలసినవి: భవనం పేరు, ఫ్లాటు నంబరు, వీధి, పేట, ఎమిరేట్, పలికే మొబైల్ నంబరు. దుబాయ్‌లో ప్రతి భవనం గుమ్మానికి పదంకెల మకానీ నంబరు ఉంటుంది, అడిగి తీసుకుంటే దారి వెతుక్కునే పని ఉండదు. ఆ నంబరును కోడ్ గడిలో కాకుండా రెండో అడ్రస్ లైనులో పెట్టండి.

ఖతర్‌లో కోడ్ బదులు గోడకు నీలం పలక ఉంటుంది. దాని మీద మూడు సంఖ్యలు: జోన్, వీధి, భవనం. మూడూ కావాలి. రెండే రాస్తే పేట తెలుస్తుంది గానీ ఇల్లు తెలియదు.

సౌదీకి ఐదంకెల కోడ్ ఉంది, దానికి తోడు జాతీయ చిరునామా అనే పద్ధతి ఉంది. అందులో నాలుగంకెల భవనం నంబరు, వీధి, పేట, ఊరు, ఐదంకెల కోడ్, నాలుగంకెల అదనపు నంబరు వస్తాయి. ఇదంతా కుదించి నాలుగు అక్షరాలు, నాలుగు అంకెల పొట్టి చిరునామా కూడా ఇస్తారు, ఆ అంకెలు భవనం నంబరే. కస్టమర్‌ను ఆ పొట్టి చిరునామా అడగండి, ఎనిమిది గుర్తుల్లో తప్పు దొర్లే వీలు తక్కువ. ఐదంకెల కోడ్ తర్వాత హైఫన్ పెట్టి నాలుగంకెలు కనిపిస్తే అమెరికా జిప్ అనుకుని కొట్టేయకండి.

ఒమన్‌లో మూడంకెలు, పీవో బాక్సుతో జతగా వస్తాయి, రువి 112. బహ్రెయిన్‌లో భవనం, రోడ్డు, బ్లాకు నంబర్లు. ఆ బ్లాకు నంబరే కోడ్‌గా పనిచేస్తుంది. కువైట్‌లో ఐదంకెల కోడ్ ఉన్నా ఇంటికి దారి చూపేది పేట, బ్లాకు, వీధి, ఇల్లు అనే వరసే.

కూలి పనికి వెళ్ళి కంపెనీ క్యాంపుల్లో ఉండే మన కరీంనగర్, కోనసీమ వాళ్ళకు పంపేటప్పుడు కంపెనీ పేరు, ఆ కంపెనీ పీవో బాక్సు, క్యాంపు పేరు, గది నంబరు నాలుగూ అడగండి. గది నంబరు మాత్రమే ఉంటే గేటు దాటదు.

మంగళగిరిమగ్గం

చాలా ఉపయోగపడింది, అందరికీ నమస్కారాలు. ఇంకా రెండు సందేహాలు. ఐర్లాండ్ కస్టమర్లు పక్కపక్క ఇళ్ళకు పొంతన లేని కోడ్‌లు ఇస్తున్నారు. తప్పు కొట్టారా? లేబుల్ వరస కూడా చెప్పండి.

జవాబు 4: డబ్లిన్‌దారి

తప్పు కాదండీ, ఐర్లాండ్ కోడ్ తీరే అంత. ఎయిర్‌కోడ్ 2015లో వచ్చింది. అక్కడ పల్లెల్లో ఇంటికి నంబరు ఉండదు, వీధికి పేరు ఉండదు. ఊరి పేరు కింద ఎన్నో ఇళ్ళు అదే అడ్రస్ రాసుకుంటాయి. దేశంలో మూడో వంతుకు పైగా అడ్రసులు ఇలా ఒకదాన్నొకటి పోలినవే. అందుకని వీధికి కాకుండా ఒక్కో అడ్రసుకు ఒక్కో కోడ్ ఇచ్చారు. ఫ్లాటుకు ఫ్లాటుకు కూడా వేరు.

మొత్తం ఏడు గుర్తులు. మొదటి మూడూ ప్రాంతం, ఆ తర్వాత ఖాళీ, చివరి నాలుగూ ఆ ఇంటికి మాత్రమే చెందినవి. ఆ నాలుగింటిని కావాలనే వరసగా ఇవ్వలేదు. వరసగా ఇస్తే రెండు ఇళ్ళ మధ్య కొత్త ఇల్లు లేచినప్పుడు నంబరు దొరకదు. దీనివల్ల మీకొక చిక్కు ఉంది: ఒక అక్షరం తప్పైతే పక్కింటికి కాదు, మైళ్ళ దూరంలోని ఇంటికి పోవచ్చు. యూకే కోడ్ చివరి అక్షరం తప్పైతే చాలావరకు ఆ చుట్టుపక్కలే ఉంటుంది, వెతుక్కోవచ్చు. ఐర్లాండ్‌కు పంపేటప్పుడు కోడ్‌ను మళ్ళీ టైపు చెయ్యకుండా కస్టమర్ ఇచ్చినదాన్నే కాపీ చేసుకోండి, ఊరు, కౌంటీ పేర్లు కూడా వదలకండి.

మన దేశంలో 2025లో తపాలా శాఖ తెచ్చిన డిజిపిన్‌ది ఇంకో దారి. హైదరాబాద్ ఐఐటీ, ఇస్రోకు చెందిన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) కలిసి చేసిన పని అది. దేశం మొత్తం మీద ఒక చదరం గీసి, దాన్ని నాలుగు అడ్డం నాలుగు నిలువు, పదహారు గడులుగా కోస్తారు. ఒక్కో గడికి ఒక గుర్తు. ఆ గడిని మళ్ళీ పదహారుగా, అలా పదిసార్లు కోస్తే చివరి గడి ఇంచుమించు నాలుగు మీటర్ల చదరం అవుతుంది. అందుకే పది గుర్తులు. ఎయిర్‌కోడ్ అడ్రసుకు, డిజిపిన్ నేలకు. అపార్ట్‌మెంటులో ఒకదానిమీద ఒకటి ఉన్న ఫ్లాట్లకు ఒకే డిజిపిన్ వస్తుంది, కనుక ఫ్లాటు నంబరు, పిన్ రెండూ రాయాల్సిందే. మీ ఫారంలో దానికి విడి గడి పెట్టండి, పిన్ గడిలో కలపకండి.

లేబుల్ వరస: చివరి లైనులో దేశం పేరు, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో, పూర్తిగా. మన వైపు విదేశీ సార్టింగ్ చూసేది దాన్నే. దాని పై లైను ఆ దేశం వాళ్ళ కోసం. అమెరికాకు ఊరు, రెండక్షరాల రాష్ట్రం, జిప్. కెనడాకు అదే వరస, రాష్ట్రానికీ కోడ్‌కూ మధ్య రెండు ఖాళీలు:

290 బ్రెమ్నర్ బులవార్డ్
టొరంటో ఓఎన్  ఎం5వి 3ఎల్9
కెనడా

యూకేకు ఊరి పేరు ఒక లైను, దాని కింద కోడ్ ఒక్కటే ఇంకో లైను. కౌంటీ అవసరం లేదు. జర్మనీ, ఫ్రాన్స్, నెదర్లాండ్స్‌లకు కోడ్ ముందు, ఊరు తర్వాత. సింగపూర్‌కు దేశం పేరు పక్కనే కోడ్. పంపేవాళ్ళ అడ్రస్ పైన ఎడమ మూలలో చిన్నగా ఉండాలి. కింది భాగంలో పెడితే యంత్రం మీ పిన్నే చదివి పార్శిల్‌ను వెనక్కి తిప్పే ప్రమాదం ఉంది. కోడ్ మీదుగా టేపు మడత పడకుండా, చీర పెట్టె అంచున లేబుల్ వంగకుండా అంటించండి.

మంగళగిరిమగ్గం

అమెరికా వాళ్ళలో కొందరు తొమ్మిదంకెలు ఇస్తున్నారు, కొందరు ఐదే. అందరినీ తొమ్మిది అడగాలా?

జవాబు 5: ఫారంలెక్క

అక్కర్లేదు. చివరి నాలుగంకెలు 1983లో చేర్చినవి. వీధిలో ఒక వైపు, ఒక పెద్ద భవనం, కొన్ని పెట్టెల వరస లాంటి చిన్న తునకను చెబుతాయి. ఇస్తే తీసుకోండి, లేకపోతే ఐదంకెలతోనే చేరుతుంది. మీ అంతట మీరు ఊహించి మాత్రం నింపకండి. అపార్ట్‌మెంటు నంబరు మారినా ఆ నాలుగంకెలు మారవచ్చు, తప్పు అంకెలు ఉండటం కన్నా లేకపోవటమే మేలు. అపార్ట్‌మెంటు నంబరు గడిని మాత్రం కోడ్ గడికి పైనే, కంటికి కనబడేలా పెట్టండి. జనం మరిచిపోయేది దాన్నే.